బెహ్రూజ్ బూచానీ గురించి పది నిమిషాలు మాట్లాడాలి, సాయం చేయండి

రామ్మూర్తి మాస్టారు (ఖమ్మం):

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా కాలనీ లైబ్రరీలో నెలకోసారి కొంతమందిమి కూర్చుని ఏదో ఒక పుస్తకం గురించో, మనిషి గురించో మాట్లాడుకుంటాం. జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినోత్సవం కదా. శరణార్థిగా బతుకుతూనే మానవ హక్కుల కోసం నిలబడ్డ ఒకరి గురించి చెప్పమని ఈ నెల నాకు అప్పజెప్పారు. మా అల్లుడు బెహ్రూజ్ బూచానీ పేరు చెప్పాడు. ఇరాన్ నుంచి పారిపోయి వచ్చిన కుర్దు జర్నలిస్టు, ఆస్ట్రేలియా వాళ్ళు తీసుకెళ్ళి ఒక దీవిలో పడేశారు, అక్కడి నుంచే ఫోన్‌లో పుస్తకం రాసి పంపాడు, దానికి ఆస్ట్రేలియాలోనే పెద్ద బహుమతి వచ్చింది అన్నాడు. వినడానికి బాగానే ఉంది గానీ కొన్ని సంగతులు నాకు మింగుడుపడటం లేదు.

అసలు ఆయన చేసిన నేరం ఏమిటి, ఎన్నేళ్ళు శిక్ష వేశారు? నాలుగు లైన్ల మెసేజ్ కొట్టేసరికే నాకు బొటనవేళ్ళు లాగేస్తాయి, ఫోన్‌లో పుస్తకం మొత్తం రాయడం అయ్యే పనేనా, లేక పబ్లిషర్లు ప్రచారానికి చెప్పుకున్న కథా? ఇంకొకటి. మా గ్రూపులో ఒక రిటైర్డ్ తహసీల్దారు గారున్నారు. ‘పుస్తకం రాస్తే రచయిత అవుతాడు, హక్కుల కార్యకర్త ఎలా అవుతాడు మాస్టారూ?’ అని ఆయన కచ్చితంగా అడుగుతారు. ఏం చెప్పమంటారు?

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు ఎవరైనా చెబితే సంతోషం. వికీపీడియా చదివేశాను, లింకులు వద్దు. మనిషి గురించి చెప్పండి.

సుబ్బు (సిడ్నీ):

మాస్టారూ నమస్తే. మీకు నచ్చకపోయినా ఒక మాట చెప్తాను. మేం ఇక్కడికి రావడానికి పొలం తాకట్టు పెట్టి ఫీజులు కట్టాం. ఇంగ్లిష్ పరీక్ష పీటీఈలో స్కోరు చాలక మళ్ళీ మళ్ళీ రాశాం. పాయింట్లు లెక్కేసుకుంటూ పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఏళ్ళ తరబడి టెన్షన్ పడ్డాం. ఈయన బ్రోకర్‌కి డబ్బిచ్చి పడవెక్కి వచ్చేశాడు. లైన్లో నిలబడ్డవాడికి విలువ లేకపోతే ఇంక లైను దేనికి? పైగా ఆ పడవలు మునిగి వందల మంది సముద్రంలో పోయారు, పసిపిల్లలతో సహా. వాటిని ఆపాలంటే ఎవరో ఒకరు కఠినంగా ఉండాలి కదా. పుస్తకం బాగుండొచ్చు, నేను చదవలేదు. కానీ మీరు మాట్లాడేటప్పుడు ఈ రెండో వైపు కూడా చెప్పండి.

సునీత (మెల్‌బోర్న్):

మాస్టారు గారూ, నేను ఇక్కడ నర్సుగా చేస్తున్నాను. మాది తెనాలి పక్కన పల్లెటూరు. ఈ పుస్తకం మా పేట లైబ్రరీలో తెచ్చుకుని నైట్ డ్యూటీ బ్రేకుల్లో చదివాను. మీరడిగిన వరసలోనే చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేరం ఏమీ లేదు, శిక్షా లేదు. ఆయన కథలో అన్నిటికంటే భయంకరమైన సంగతి ఇదేనని నాకనిపిస్తుంది. హత్య చేసి జైలుకెళ్ళినవాడికైనా ఎప్పుడు బయటపడతాడో ఒక తేదీ ఉంటుంది. మీ అల్లుడు చెప్పిన ఆ దీవిలో, మానస్‌లో, పెట్టినవాళ్ళకి అదీ లేదు. ఇవాళా, ఇంకో ఐదేళ్ళకా, ఎప్పటికీ లేదా, ఎవరూ చెప్పరు.

ఆయన 1983లో ఇరాన్ పడమటి వైపు ఇలాంలో పుట్టాడు. అప్పుడు ఇరాక్‌తో యుద్ధం నడుస్తోంది, ఆ సరిహద్దు ప్రాంతమంతా బాంబుల కింద ఉంది. టెహ్రాన్‌లో రాజకీయ శాస్త్రంలో పీజీ చేశాడు. కుర్దు భాష, సంస్కృతుల గురించి స్నేహితులతో కలిసి వెర్యా అని ఒక పత్రిక నడిపాడు. 2013 ఫిబ్రవరిలో రివల్యూషనరీ గార్డులు (ఇరాన్ ప్రభుత్వ సైనిక దళం) ఇలాంలో ఆ ఆఫీసు మీద పడి 11 మందిని పట్టుకెళ్ళారు. ఆ రోజు ఈయన టెహ్రాన్‌లో ఉన్నాడు కాబట్టి దొరకలేదు. గప్‌చుప్‌గా ఉంటే ఏమయ్యేదో గానీ, ఆ అరెస్టుల వార్త ఈయనే రాసి బయటపెట్టాడు. ఇక దాక్కోవాల్సి వచ్చింది, మే నెలలో దేశం దాటేశాడు. తహసీల్దారు గారికి ఈ ముక్క చెప్పండి. పుస్తకానికి ముందే, పడవకి ముందే, పక్కవాడిని పట్టుకెళ్తే ఆ సంగతి రాసేయడం ఆయనకి అలవాటు.

ఇండోనేషియా నుంచి ఎక్కిన మొదటి పడవ మునిగిపోయింది, జాలర్లు కాపాడారు. జులైలో మళ్ళీ ఎక్కాడు. ఈలోగా జులై 19న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ ఒక ప్రకటన చేశాడు. పడవలో వచ్చినవాళ్ళు నిజమైన శరణార్థులని తేలినా సరే, ఆస్ట్రేలియాలో మాత్రం స్థిరపడనివ్వం అని. ఈయన పడవని నేవీ పట్టుకున్నది ఆ తర్వాత కొద్ది రోజులకే. ఒక్క వారం ముందు చేరుంటే ఆయన బతుకు వేరేలా ఉండేది. ఆస్ట్రేలియాకే చెందిన క్రిస్మస్ ఐలాండ్‌లో నెల రోజులు ఉంచి, ఆగస్టు చివర్లో పాపువా న్యూగినీలోని మానస్‌కి విమానంలో తరలించారు. అక్కడ పాత నౌకాదళ స్థావరంలో కంచె వేసి వందల మంది మగవాళ్ళని పెట్టారు. ఆయనకి పేరు బదులు ఎంఈజీ 45 అని ఒక నంబరు.

ఫోన్ సంగతి నిజమే మాస్టారూ, ప్రచారం కాదు. మొదట్లో అక్కడ ఫోన్లు ఉండకూడదు. దొంగచాటుగా ఒకటి సంపాదించి పరుపులో దాచుకునేవాడు. గార్డులు తెల్లారకముందే గదుల మీద పడి వెతికేవాళ్ళు, ఒకసారి ఫోన్ పోయింది కూడా. కాగితం మీద రాస్తే ఎత్తుకుపోతారు, ఫోన్‌లో దాచినా ఎత్తుకుపోతారు. అందుకని రాసింది రాసినట్టు వాట్సాప్‌లో బయటికి పంపేసేవాడు. మనం గుడ్ మార్నింగ్ పువ్వులు పంపుకునే ఆ వాట్సాప్‌లోనే. సిడ్నీలో ఉన్న మూనెస్ మన్సూబీ ఆ ముక్కలన్నీ పోగేసి వరసలో పెట్టేది. ఒమిద్ తోఫిఘియన్ అనే యూనివర్సిటీ అధ్యాపకుడు ఇంగ్లిష్‌లోకి అనువదించాడు, మధ్యమధ్యలో అనుమానాలొస్తే మళ్ళీ వాట్సాప్‌లోనే అడిగేవాడు. మూలం పారశీకంలో ఉంది. మాతృభాష కుర్దు కోసం పత్రిక నడిపిన మనిషి, కుర్దుల్ని అణిచిన ప్రభుత్వ భాషలో రాయాల్సి రావడం నాకు కాస్త కలుక్కుమంది. 2018లో ‘నో ఫ్రెండ్ బట్ ది మౌంటెన్స్’ పేరుతో పుస్తకం వచ్చింది. కొండలు తప్ప మాకు నేస్తాలు లేరని కుర్దుల సామెత ఒకటుందట, పేరు దానిలోంచి తీసుకున్నదే.

ఇప్పుడు నా అసలు విన్నపం. దయచేసి దీన్ని ఏడుపు కథగా చెప్పకండి. బూచానీకి జాలి అంటే మంట. ఆ పుస్తకం గొప్పతనం కూడా ఏడిపించడంలో లేదు. మనిషిని రోజుకి కొంచెం కొంచెం ఎలా అరగదీస్తారో ఆ పద్ధతిని విప్పి చూపిస్తాడు. తిండికి లైను, మందుకి లైను, ఫోన్ చేసుకోవడానికి లైను, సిగరెట్లకి లైను. ఎండలో గంటల కొద్దీ నిలబడితే చివర ఉన్నవాడికి మిగిలిందే గతి. ఎప్పుడూ లైన్లో ముందుండే ఒకతన్ని అందరూ ఆవు అని పిలుస్తుంటారు. చదువుతుంటే నవ్వొస్తుంది, తర్వాతి పేజీలోనే ఆ నవ్వినందుకు సిగ్గేస్తుంది. ఆకలి మనుషుల్ని ఒకళ్ళ మీదికి ఒకళ్ళని ఎలా ఉసిగొల్పుతుందో, అలా ఉసిగొల్పడం పైవాళ్ళకి ఎంత సౌకర్యమో చెప్తాడు.

ఒక సంఘటన మాత్రం మీ వాళ్ళకి తప్పకుండా చెప్పండి. పొద్దుపోక కొందరు ఒక ప్లాస్టిక్ బల్ల మీద మార్కర్‌తో గళ్ళు గీసి, సీసా మూతలు పావులుగా పెట్టుకుని బ్యాక్‌గామన్ ఆడటం మొదలుపెట్టారు. మన దగ్గర అరుగు మీద పులిజూదం గీసుకున్నట్టే అనుకోండి. చుట్టూ జనం మూగారు, అరుపులు, పందేలు. కాసేపటికి ఆఫీసర్లు వచ్చి ఆ గళ్ళ మీద గీతలు కొట్టేసి ‘ఆటలు నిషేధం’ అని రాసిపెట్టి పోయారు. అంతే, కొట్టలేదు, తిట్టలేదు. ఆ చిన్న పేరాతో నాకు ఆ క్యాంపు మొత్తం అర్థమైపోయింది. పుస్తకం మధ్యలో సిద్ధాంతం పాలు కాస్త ఎక్కువవుతుంది, అక్కడ కొన్ని పేజీలు గబగబా తిప్పేశాను. ఇలాంటి చోట్ల మాత్రం ఆగి ఆగి చదివాను.

నర్సుని కాబట్టి నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. హమీద్ ఖజాయీ అని 24 ఏళ్ళ ఇరానీ కుర్రాడు. 2014 ఆగస్టులో కాలి మీద పుండుతో, జ్వరంతో క్యాంపు క్లినిక్‌కి వచ్చాడు. ఉష్ణమండలంలో మట్టిలో, నీళ్ళలో ఉండే బ్యాక్టీరియా అది, మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగదు. దానికి సరిపడే మందు ఆ క్లినిక్‌లో లేదు. రెండు రోజుల్లో డాక్టర్లు వేరే చోటికి పంపాలన్నారు. ఆ సాయంత్రం విమానానికి పంపాలంటే ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఆఫీసర్లు సరే అనాలి. అనుమతి టైముకి రాలేదు, విమానం వెళ్ళిపోయింది. సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా ముదిరినప్పుడు, ఒక్క రాత్రి అంటే ఏమిటో మా వార్డులో చేసే ఏ ట్రైనీ అమ్మాయిని అడిగినా చెప్తుంది. మర్నాడు పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీకి, అక్కడ గుండె ఆగాక ఆ తర్వాతి రోజు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కి తెచ్చారు. సెప్టెంబరు 5న చనిపోయాడు. నాలుగేళ్ళ తర్వాత, 2018 జులైలో, క్వీన్స్‌లాండ్ కరోనర్ (చావులకి కారణం విచారించే అధికారి) తీర్పు ఇచ్చాడు: ఇది ఆపగలిగిన చావు అని.

హమీద్ కంటే ముందు, అదే 2014 ఫిబ్రవరిలో, రెజా బరాతీ అని ఇంకో కుర్దు కుర్రాడు, 23 ఏళ్ళవాడు, క్యాంపులో గొడవల్లో దెబ్బలు తిని చనిపోయాడు. గార్డులు, సిబ్బంది లోపలికొచ్చి కొట్టిన రాత్రి అది. తర్వాత అక్కడి ఉద్యోగులు ఇద్దరికి శిక్ష పడింది. రెజా బూచానీకి స్నేహితుడు. పుస్తకంలో ‘సాధువైన భీముడు’ అనదగ్గ మారుపేరుతో కనిపిస్తాడు.

తహసీల్దారు గారి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఈ వార్తలన్నీ బయటికి ఎవరు తెచ్చారనుకున్నారు? విలేఖరుల్ని మానస్‌కి దాదాపు రానిచ్చేవాళ్ళు కాదు. లోపలి నుంచి బూచానీ పంపేవాడు. మొదట్లో పేరు లేకుండా, తర్వాత సొంత పేరుతో గార్డియన్ లాంటి పత్రికలకి రాశాడు. ఫేస్‌బుక్‌లో, ట్విట్టర్‌లో పెట్టేవాడు. మానవ హక్కుల సంస్థలకి వివరాలు అందించేవాడు. రాసినందుకు బయటి జర్నలిస్టుకి అవార్డు రావచ్చు, లోపలున్నవాడికి లాకప్ వస్తుంది. ఈయనకి రెండూ వచ్చాయి, లాకప్పే ముందు.

2017 అక్టోబరు 31న క్యాంపు మూసేస్తున్నామని కరెంటు, నీళ్ళు, తిండి ఆపేశారు. వేరే చోటికి పొమ్మన్నారు. అక్కడ ప్రాణభయం ఉందని, ఒక జైల్లోంచి ఇంకో జైల్లోకి పోమని దాదాపు 600 మంది కదలకుండా కూర్చున్నారు. బావులు తవ్వుకున్నారు, చెత్తబుట్టల్లో వాన నీళ్ళు పట్టుకున్నారు. మూడు వారాల పైన అలా గడిచింది. ఆ రోజుల్లో ప్రపంచానికి ఏం తెలిసినా ఈయన, ఇంకా కొందరు పంపిన మెసేజ్‌ల వల్లే తెలిసింది. చివరికి పోలీసులు కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు, ఈయనకి బేడీలు వేసి తీసుకెళ్ళి కొన్ని గంటల తర్వాత వదిలారు. ఆ ఏడాదే మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఆస్ట్రేలియా ఆయన రాతలకి మీడియా అవార్డు ఇచ్చింది.

ఈయనొక్కడే అనుకునేరు. అబ్దుల్ అజీజ్ మహమ్మత్ అని సూడాన్‌లోని డార్ఫుర్ కుర్రాడు అదే క్యాంపులోంచి వేల కొద్దీ వాయిస్ మెసేజ్‌లు మెల్‌బోర్న్ జర్నలిస్టుకి పంపాడు. 2019లో ఆయనకి మానవ హక్కుల కార్యకర్తలకిచ్చే మార్టిన్ ఎన్నల్స్ అవార్డు వచ్చింది, తర్వాత స్విట్జర్లాండ్ ఆశ్రయం ఇచ్చింది.

డ్యూటీ టైమైంది. బహుమతి సంగతి రేపు రాస్తాను.

సుబ్బు (సిడ్నీ):

సునీత గారూ, హమీద్ విషయం నాకు తెలియదు, అది ఘోరమే. కాదనను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. పడవలు ఆగాయా లేదా? ఆగాయి. ఇప్పుడు ఎవరూ మునగట్లేదు. ప్రభుత్వం మెత్తబడితే ఆ బ్రోకర్లు మర్నాడే మళ్ళీ దుకాణం తెరుస్తారు. ఇంకో విషయం, ఆయన ఆ పుస్తకంలో చెప్పిందంతా నిజమని మనం ఎలా నమ్మాలి? ఇది ఒకవైపు వాదనే కదా.

సునీత (మెల్‌బోర్న్):

సుబ్బు గారూ, మీరు పీఆర్ కోసం పడ్డ పాట్లు నేనూ పడ్డాను, ఆ కడుపుమంట నాకు తెలుసు. కానీ మన లైను వేరు, వాళ్ళ లైను వేరు. స్కిల్డ్ వీసాలకి ఒక లెక్క, శరణార్థులకి ఇంకో లెక్క, ఏటా విడివిడిగా ప్రకటిస్తారు. బూచానీ వల్ల మన సీటు ఒక్కటి కూడా పోలేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద ఆస్ట్రేలియా 1954లోనే చేరింది. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాడిని, కాగితాలు లేకుండా వచ్చాడని శిక్షించకూడదని దాని 31వ అధికరణంలోనే ఉంది. రివల్యూషనరీ గార్డులు వెతుకుతున్న మనిషి ఏ ఆఫీసుకెళ్ళి ఫారం నింపుతాడు?

పడవలు ఆగడం గురించి: 2013 సెప్టెంబరు నుంచి సముద్రంలోనే పడవల్ని వెనక్కి తిప్పేస్తున్నారు. ఆపింది ఎక్కువగా అదేనని నేననుకుంటాను. అది మంచిదా చెడ్డదా అని ఇంకో రోజు పోట్లాడుకుందాం. అప్పటికే మానస్‌లో ఉన్నవాళ్ళని ఆరేళ్ళు అక్కడే ఉంచడం వల్ల ఏ పడవ ఆగింది? న్యూజిలాండ్ ఏటా 150 మందిని తీసుకుంటామని 2013 నుంచీ అంటూనే వచ్చింది. ఆస్ట్రేలియా దానికి ఒప్పుకున్నది 2022లో.

నిజమని ఎలా నమ్మాలి అన్నారు. బూచానీ మాట వదిలేయండి. మానస్‌లో ఉంచిన 1,905 మంది వేసిన దావాలో 2017లో ఆస్ట్రేలియా ప్రభుత్వం, క్యాంపు నడిపిన కంపెనీలు కలిసి 7 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడ్డాయి. తప్పు చేశామని ఒప్పుకోలేదనుకోండి, కానీ కోర్టులో సాక్షులు మాట్లాడబోయే సమయానికి సంతకం పెట్టేశారు. ఊరికే అంత డబ్బు ఎవరిస్తారు?

మాస్టారూ, బహుమతి సంగతి. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే సాహిత్య బహుమతి అది. 2019 జనవరి 31న నాన్‌ఫిక్షన్ విభాగంలో 25 వేల డాలర్లు, దాని పైన మొత్తం మీద మొదటి బహుమతి లక్ష డాలర్లు ఈ పుస్తకానికే వచ్చాయి. మామూలుగా పౌరసత్వమో పీఆరో ఉన్నవాళ్ళకే ఇస్తారు. ఈయన కోసం నిబంధన సడలించారు. వేదిక మీదికి అనువాదకుడు వెళ్ళి తీసుకున్నాడు, ఈయన మానస్ నుంచి వీడియోలో మాట్లాడాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా అలాగే ఉండగా తాను పండగ చేసుకోలేనని విలేఖరులకి చెప్పాడు. దేశంలోకి అడుగు పెట్టనివ్వని మనిషికి అదే దేశం లక్ష డాలర్లు ఇచ్చింది. ఇక్కడ మా తోటి నర్సులు చాలామంది ఆ వార్తతోనే మొదటిసారి ఆయన పేరు విన్నారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఇంకో మంచి పని జరిగింది. జబ్బు చేసినవాళ్ళని ఆస్ట్రేలియాకి తేవాలా వద్దా అన్నది ముందు డాక్టర్లు చెప్పేలా పార్లమెంటు చట్టం చేసింది. హమీద్ లాంటి కేసుల కోసమే అది. డిసెంబరుకల్లా రద్దు చేసేశారు. ఆ చట్టం కింద వచ్చినవాళ్ళలో కొందరిని కూడా మెల్‌బోర్న్‌లో హోటల్ గదుల్లో పెట్టి బయటికి రానివ్వలేదు. కార్ల్‌టన్‌లో పార్క్ హోటల్ అని, యూనివర్సిటీకి దగ్గరే. ట్రామ్‌లో వెళ్తుంటే ఆ కిటికీల్లో చేతులు ఊపుతూ కనిపించేవాళ్ళు. అద్దాలకి రంగు ఫిల్మ్ వేసి ఉండేది, మొహాలు సరిగ్గా తెలిసేవి కావు. 2022 జనవరిలో టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్‌ని వీసా గొడవలో నాలుగు రోజులు అందులో ఉంచేసరికి ప్రపంచమంతా కెమెరాలు పట్టుకుని వాలింది. ఆయన వెళ్ళిపోయాక కెమెరాలూ వెళ్ళిపోయాయి. లోపలివాళ్ళు బయటపడటానికి ఏప్రిల్ దాకా పట్టింది.

లాయర్ ప్రసాద్ (హైదరాబాద్):

ఈ చర్చలో ఒక చిన్న చేర్పు. బూచానీ కథలో కోర్టు పాత్ర ఎవరూ చెప్పలేదు. 2016 ఏప్రిల్ 26న పాపువా న్యూగినీ సుప్రీంకోర్టు, ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా, మానస్‌లో ఈ మనుషుల్ని బంధించి ఉంచడం తమ రాజ్యాంగంలోని వ్యక్తి స్వేచ్ఛకి విరుద్ధమని తీర్పిచ్చారు. నేరం చేయనివాడిని, దేశంలోకి తనంతట తాను రానివాడిని, ఎత్తుకొచ్చి కంచెలో పెట్టడమేంటన్నది వాళ్ళ ప్రశ్న. తమాషా చూడండి, అదే ఏడాది ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే సర్వోన్నత న్యాయస్థానం) నౌరూ (ఆస్ట్రేలియా ఇలాగే మనుషుల్ని పంపిన ఇంకో దీవి) కేసులో ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. పేద దేశం కోర్టు రాజ్యాంగం తెరిచి చదివింది. అయినా క్యాంపు మూయడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది, ఆ మూసిన పద్ధతి సునీత గారు రాశారు.

మాస్టారూ, మీ సభలో ఎవరైనా మన దేశం సంగతేంటి అని అడిగితే: 1951 ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు, శరణార్థుల కోసమే చేసిన చట్టం మనకి లేదు. టిబెటన్లు, శ్రీలంక తమిళులు, ఒక్కొక్కరికి ఒక్కో రకం ఏర్పాటు. హైదరాబాద్ బాలాపూర్ వైపు వెళ్తే రోహింగ్యాల గుడిసెలు కనిపిస్తాయి, ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు జేబులో పెట్టుకుని పాత సామాన్లు ఏరుకుని, కూలి చేసుకుని బతుకుతున్నారు. ఆ కార్డు పోలీసు ముందు ఎంతవరకు పనికొస్తుందన్నది ఏ రోజుకా రోజు తేలేదే. దీని మీద గొడవ మొదలైతే మీ పది నిమిషాలూ అయిపోతాయి, కాబట్టి చివర్లో పెట్టుకోండి.

రామ్మూర్తి మాస్టారు (ఖమ్మం):

అందరికీ చాలా థాంక్స్. సుబ్బు బాబూ, నీ ప్రశ్న కూడా సభలో పెడతాను, అది లేకపోతే అందరూ తలలూపి టీ తాగి వెళ్ళిపోతారు. సునీతమ్మా, ఆ బ్యాక్‌గామన్ బల్లతోనే మొదలుపెడదామనుకుంటున్నాను. ఇంకో రెండు సంగతులు చెప్పు తల్లీ. ఆయన చివరికి ఎలా బయటపడ్డాడు? ఆస్ట్రేలియా ఎప్పటికైనా లోపలికి రానిచ్చిందా? అలాగే ఏదైనా చూపించడానికి ఉంటే చెప్పు, మా లైబ్రరీలో ప్రొజెక్టర్ ఉంది, బల్బు పనిచేస్తే.

సునీత (మెల్‌బోర్న్):

2019 నవంబరులో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ సాహిత్య ఉత్సవం వాళ్ళు మాట్లాడటానికి పిలిచారు, నెల రోజుల వీసా వచ్చింది. పోర్ట్ మోర్స్‌బీ నుంచి న్యూజిలాండ్ వెళ్ళాలంటే ఆస్ట్రేలియా మీదుగా పోవడం దగ్గర. ఆ నేల మీద దిగితే మళ్ళీ ఏమవుతుందోనని పైకి, మనీలా దాకా వెళ్ళి అక్కడి నుంచి ఆక్లాండ్ దిగాడు. క్రైస్ట్‌చర్చ్‌లో మేయరే వచ్చి స్వాగతం చెప్పింది. తర్వాత అక్కడే ఆశ్రయం అడిగాడు. 2020 జులైలో, 37వ పుట్టినరోజు పూటే, శరణార్థి హోదా ఇచ్చినట్టు కబురొచ్చింది. మానస్‌లో ఆరేళ్ళు గడిచినా దొరకని ఆశ్రయం అక్కడ ఏడాదిలోపే దొరికింది. యూనివర్సిటీ ఆఫ్ కాంటర్‌బరీలో పరిశోధకుడిగా చోటిచ్చారు.

ఆస్ట్రేలియాకి 2022 డిసెంబరులో వచ్చాడు, కొత్త పుస్తకం పట్టుకుని, మామూలు విజిటర్‌లాగా. 2023 ఫిబ్రవరిలో కాన్‌బెర్రా పార్లమెంటు భవనంలోకి వెళ్ళి, నౌరూలో, పాపువా న్యూగినీలో ఇంకా మిగిలిపోయినవాళ్ళని తీసుకురండని అడిగాడు. తన గురించి అడగడానికి రాలేదు. మీ తహసీల్దారు గారికి నేనైతే ఇదొక్కటే చెప్తాను. బయటపడ్డాక హాయిగా ఉద్యోగం చేసుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఈయన మాత్రం వెనకున్నవాళ్ళ లెక్క అడుగుతూనే ఉన్నాడు.

చూపించడానికి ఒకటుంది. క్యాంపులో ఉండగానే దొంగచాటుగా ఫోన్‌తో తీసిన వీడియో ముక్కల్ని నెదర్లాండ్స్‌లో ఉన్న ఆరష్ కమాలీ సర్వెస్తానీకి పంపాడు. ఇద్దరూ కలిసి 2017లో ఒక డాక్యుమెంటరీ చేశారు, ‘చౌకా, ప్లీజ్ టెల్ అస్ ద టైమ్’. చౌకా మానస్‌లో ఉండే పిట్ట, ఆ రాష్ట్రం జెండా మీద కూడా ఉంటుంది. అది కూసే వేళల్ని బట్టి పల్లెల్లో పొద్దు ఎంతయిందో చెప్పుకుంటారట. క్యాంపులో మాట వినని వాళ్ళని విడిగా పెట్టే కొట్లకి కూడా ఆఫీసర్లు అదే పేరు పెట్టారు. స్థానికులకి ఆ పేరు అలా వాడటం ఎంత బాధో వాళ్ళ నోటితోనే చెప్పించాడు. మానస్ వాళ్ళని అందరూ రాక్షసుల్లా చూపిస్తుంటే, వాళ్ళ దీవినీ జైలు చేశారన్న సంగతి గుర్తుపెట్టుకున్నది ఈయనే.

కెమెరా కదిలిపోతుంటుంది, చాలాసేపు కంచె, ఫ్యాన్లు, ఫోన్లో ఎవరో మాట్లాడటం, అంతే. మీ పెద్దవాళ్ళకి మొత్తం చూపిస్తే నిద్రపోతారు. ఇద్దరు మానస్ ఊరివాళ్ళు పిట్ట గురించి మాట్లాడే చోటు మాత్రం పెట్టండి. బల్బు ముందురోజే చూసుకోండి మాస్టారూ.